మోటారు డ్రైవుల శీతలీకరణ ఫ్యాన్లు: దోషనిర్ధారణ క్రమం - చిట్కుల్ పారిశ్రామిక పరిసరాల దృష్ట్యా

వ్యాససంగ్రహం: పరిశ్రమల్లో మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవులు ‘అధిక ఉష్ణోగ్రత’ హెచ్చరికతో ఆగిపోయినప్పుడు శీతలీకరణ ఫ్యాను మార్చడం పరిపాటి. ఆ హెచ్చరిక వేడి పెరిగిందని చెబుతుందే తప్ప కారణాన్ని చెప్పదు. హీట్ సింకు ఉష్ణోగ్రతకూ లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతకూ గల తేడాయే దోషనిర్ధారణకు నమ్మదగిన ఆధారమని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మోటారు డ్రైవు, హీట్ సింకు, శీతలీకరణ ఫ్యాను, దోషనిర్ధారణ, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని చిట్కుల్ పరిసరాలు పారిశ్రామికమైనవి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలున్న ఈ ప్రాంతంలో బల్క్ డ్రగ్, రసాయన, ఇంజనీరింగ్ పరిశ్రమలు నెలకొన్నాయి. పంపులు, బ్లోయర్లు, కంప్రెసర్లు, రియాక్టర్లలోని కలియబెట్టే యంత్రాలు వంటి వాటిని నడిపే మోటార్ల వేగాన్ని డ్రైవులు నియంత్రిస్తాయి.

డ్రైవులోని ఫ్యాను చిన్నదే. అది విఫలమైతే కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు. ఉష్ణమోచక చర్య జరుగుతున్న రియాక్టరులో కలియబెట్టే యంత్రం హఠాత్తుగా ఆగితే చర్యలో పుట్టిన వేడి గోడల ద్వారా సరిగా బయటికి పోదు. అప్పుడు లోపలి ఉష్ణోగ్రత అదుపు తప్పే ప్రమాదం ఉంటుంది. అందువల్ల ఫ్యాను నిర్వహణను కేవలం మరమ్మతు విషయంగా కాక భద్రతా విషయంగా కూడా పరిగణించాలి.

2. వేడి, గాలి - ఒక లెక్క:

డ్రైవు ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానిని తిరిగి కావలసిన పౌనఃపున్యంలో ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. ఈ క్రమంలో అర్ధవాహక స్విచ్చుల్లో కొంత శక్తి వేడిగా మారుతుంది. 75 కిలోవాట్ల డ్రైవులో నష్టం 2.5 శాతం అనుకుంటే, దాదాపు 1.9 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఆ వేడినంతా మోసుకుపోతూ గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే గంటకు సుమారు 570 ఘనపు మీటర్ల గాలి ప్రవహించాలి. ప్రవాహం సగానికి తగ్గితే గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుంది. హీట్ సింకు అంతకంటే ఎక్కువ వేడిగా ఉంటుంది.

ఈ ప్రభావం స్విచ్చులకే పరిమితం కాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల పని ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీరింగ్‌లో వాడుకలో ఉన్న సూత్రం. కాబట్టి ట్రిప్ కాకుండా నడుస్తున్న డ్రైవు కూడా లోలోపల క్షీణిస్తూ ఉండవచ్చు.

3. ఉష్ణోగ్రత కాదు, తేడా ముఖ్యం:

ఒక ఉదాహరణ తీసుకుందాం. హీట్ సింకు 85 డిగ్రీలకు చేరితే ట్రిప్ అయ్యే డ్రైవులో, కొత్తగా ఉన్నప్పుడు నిర్ణీత లోడు వద్ద హీట్ సింకుకూ లోపలికి వచ్చే గాలికీ తేడా 35 డిగ్రీలు అనుకుందాం. దుమ్ము పేరుకొని ఆ తేడా 45 డిగ్రీలకు పెరిగింది. డిసెంబరులో గాలి 20 డిగ్రీలుంటే హీట్ సింకు 65 డిగ్రీలకే చేరుతుంది, హెచ్చరిక రాదు. మే నెలలో ప్యానెల్‌లోకి వచ్చే గాలి 45 డిగ్రీలయితే అదే డ్రైవు 85 డిగ్రీలు దాటక ముందే ఆగిపోతుంది. నింద ఎండ మీద పడుతుంది. నిజానికి దోషం చలికాలంలోనే ఉంది. ఎండ దానిని బయటపెట్టింది. ఒకే లోడు వద్ద ఈ తేడాను నెలనెలా రాసి ఉంచితే దోషాన్ని ముందుగానే గుర్తించవచ్చు.

4. దోషనిర్ధారణలో మూడు ప్రశ్నలు:

4.1. ఫ్యాను తిరుగుతున్నదా? చాలా డ్రైవుల్లో మోటారు నడిచేటప్పుడో, హీట్ సింకు వేడెక్కినప్పుడో మాత్రమే ఫ్యాను తిరుగుతుంది. అందువల్ల ఆగి ఉన్నంత మాత్రాన అది చెడిపోయినట్లు కాదు. తిరగవలసిన సమయంలో తిరగకపోతే ముందు దానికి అందే వోల్టేజి చూడాలి. వోల్టేజి ఉండీ తిరగకపోతే దోషం ఫ్యానుది; లేకపోతే సరఫరాది. ఏకాంతర విద్యుత్తుతో నడిచే ఫ్యాను నెమ్మదిగా తిరిగితే బేరింగుతో పాటు కెపాసిటరునూ పరీక్షించాలి. మూడు తీగల ఫ్యాన్లలో మూడో తీగ సంకేతానిది. కొన్ని ఫ్యాన్లు వేగానికి తగిన స్పందనలు పంపుతాయి. మరికొన్ని ఆగిపోయినప్పుడు మాత్రమే సంకేతమిస్తాయి. ఒక రకానికి బదులు మరో రకం బిగిస్తే ఫ్యాను చక్కగా తిరుగుతున్నా హెచ్చరిక పోదు.

4.2. గాలి కదులుతున్నదా? ఫ్యాను తిరగడం వేరు, గాలి ప్రవహించడం వేరు. ఫిల్టరు మూసుకుపోవడం, హీట్ సింకు రెక్కల మధ్య దుమ్ము అట్టకట్టడం, డ్రైవుకు పైనా కిందా ఖాళీ చాలకపోవడం ప్రవాహాన్ని తగ్గిస్తాయి. ఫ్యానును తలకిందులుగా బిగిస్తే గాలి ఎదురు దిశలో వీస్తుంది. చట్రంపై ఉన్న బాణం గుర్తును చూడాలి. పక్కపక్కనే రెండు ఫ్యాన్లున్నచోట ఒకటి ఆగితే, రెండోది నెట్టిన గాలిలో కొంత ఆగిన ఫ్యాను గుండా వెనక్కి వస్తుంది.

4.3. వేడి గాలికి చేరుతున్నదా? ప్రవాహం బలంగా ఉండి, బయటికి వచ్చే గాలి చల్లగా ఉన్నా ట్రిప్ అవుతుంటే స్విచ్చులకూ హీట్ సింకుకూ మధ్యనున్న ఉష్ణవాహక లేపనం ఎండిపోయి ఉండవచ్చు, లేదా ఉష్ణోగ్రత సెన్సారు తప్పు చూపుతుండవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న డ్రైవును ఉదయం ఆన్ చేయగానే తెరపై కనిపించే ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. చాలా ఎక్కువగా చూపితే సెన్సారునూ దాని కనెక్టరునూ అనుమానించాలి.

5. శుభ్రపరచడంలో జాగ్రత్తలు:

415 వోల్టుల సరఫరాతో నడిచే డ్రైవులో ఏకముఖ విద్యుత్ వోల్టేజి సుమారు 560 వోల్టులు. సరఫరా తీసివేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. తయారీదారు సూచించిన సమయం వేచి ఉండి, మీటరుతో కొలిచి నిర్ధారించుకున్నాకే చేయి పెట్టాలి. కంప్రెసరు గాలిలో తేమ, నూనె ఉండకూడదు. రెక్కలను పట్టి ఉంచకుండా గాలి కొడితే ఫ్యాను మితిమీరిన వేగంతో తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. మండే స్వభావం గల పొడులు వాడే పరిశ్రమల్లో దుమ్మును ఊది గాలిలోకి లేపడం ప్రమాదకరం. అందుకు తగిన వాక్యూమ్ పరికరంతో తీయడమే క్షేమం. రసాయన ఆవిర్లున్న చోట రాగి భాగాలు, కనెక్టర్లు తుప్పు పడతాయి గనుక ఫ్యానుతో పాటు వాటినీ పరిశీలించాలి.

6. ముగింపు:

ఫ్యాను తిరుగుతున్నదా, గాలి కదులుతున్నదా, వేడి గాలికి చేరుతున్నదా అనే మూడు ప్రశ్నలను ఈ వరుసలో వేసుకుంటే అనవసరంగా భాగాలు మార్చే పని తగ్గుతుంది. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో ఒక డ్రైవు ఫిల్టరును క్రమక్రమంగా మూస్తూ, ఒకే లోడు వద్ద ఉష్ణోగ్రతల తేడాను నమోదు చేయించడం సులభమైన అభ్యాసం. ట్రిప్ అయ్యే పరిమితికి చాలా ముందే ఆ తేడా పెరగడాన్ని విద్యార్థులు స్వయంగా గమనించగలుగుతారు. ఆ పరిశీలనే పరిశ్రమలో వారికి అక్కరకు వస్తుంది.