మోక నుంచి ఆలూరుకు ఒక హార్డ్ డిస్క్

బళ్లారి దగ్గర మా మోకలో నల్లరేగడి దుమ్ము దూరని చోటు లేదు. పదేళ్లు దాటిన మా డెస్క్‌టాప్ క్యాబినెట్ పక్క రేకు విప్పితే ఫ్యాను రెక్కల మీద అరంగుళం మేట వేసి ఉంది. విప్పింది దుమ్ము దులపడానికి కాదు. నాలుగు రోజులుగా హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది.

ఆ డిస్క్‌లో తాత తెలుగులో రాసిన ఉత్తరాలున్నాయి, కన్నడలో పొలం పహణీలున్నాయి, అమ్మ పాడిన పెళ్లిపాటలున్నాయి. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మావాళ్లు సగం అటు, సగం ఇటు. కాగితాలూ రెండు లిపుల్లోకి చీలిపోయాయి. అన్నీ స్కాన్ చేసి ఒక్కచోటికి చేర్చానని సంతోషపడ్డానే తప్ప, ఆ ఒక్కచోటు పోతే ఏమిటన్నది ఆలోచించలేదు.

"కొత్తది కొనరాదా?" అన్నాడు నాన్న. చప్పుడు చేసే డిస్క్‌తో ముందు చేయాల్సిన పని కొనడం కాదు, కాపీ తీయడం. మాటిమాటికీ ఆపి ఆన్ చేయకుండా, ముఖ్యమైన ఫోల్డర్లు మొదట బయటికి లాగాలి. ఆ రాత్రంతా అదే చేశాను.

తర్వాతే బజారు సంగతి. మదర్‌బోర్డు చూడకుండా డ్రైవ్ కొనకూడదు. మా దానికి కొత్త రకం డ్రైవ్‌లు పట్టే ఎం.2 స్లాటు లేదు. అడాప్టర్ కార్డు మీద ఆ రకం ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టొచ్చు గానీ, పాత బోర్డులు చాలావాటికి దాన్నుంచి విండోస్ మొదలుపెట్టడం చేతకాదు. సాటా పోర్టులు నాలుగుంటే రెండు ఖాళీ. అంచేత రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గరే ఆగుతుందని తక్కువ చేయక్కర్లేదు. పాత డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు. కావలసిన ముక్క చదివే హెడ్ కిందికి వచ్చేదాకా ప్రతిసారీ ఆగాల్సిందే. విండోస్ లేచేటప్పుడు అలాంటి చిన్న చిన్న ముక్కలు వేలల్లో అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ నిరీక్షణే ఉండదు.

అయితే దాచుకోవడానికి ఎస్‌ఎస్‌డీని నమ్మను. అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. కరెంటు లేకుండా మూలన పడేస్తే మెల్లగా కారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలకు చిప్‌ల ప్రమాణాల సంస్థ జెడెక్ పెట్టిన ప్రమాణం, రాత ఆయుష్షు పూర్తిగా వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలవడం. మా వేసవి 40 దాటుతుంది. బీరువాలో పెట్టడానికి తిరిగే డిస్కే మేలు.

ఇక ఆ డిస్క్ తగిలించడానికి పోర్టులు. కీబోర్డు, మౌసు, ప్రింటరు, స్కానరు, వెబ్‌క్యామ్ కలిసి వెనక ఉన్నవన్నీ ఆక్రమించాయి. కీబోర్డు, మౌసులను మామూలు హబ్‌కు తరలించొచ్చు. బయటి హార్డ్ డిస్క్‌ను మాత్రం సొంత అడాప్టర్ లేని హబ్‌కు తగిలించకండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, 3 అయితే 900. దాన్నే అందరూ పంచుకుంటే రాస్తూ రాస్తూ డిస్క్ ఆగిపోతుంది. నేను పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఖాళీ స్లాటులో నాలుగు పోర్టుల యూఎస్‌బీ 3 కార్డు బిగించాను. అలాంటి కార్డులు చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా పవర్ ఇవ్వాలి. పాత నాలుగు పిన్నుల వైరును సాటాకు మార్చే చౌక కనెక్టర్లు, పోతపోసినవి, లోపలి వైర్లు కలిసిపోయి కాలిన సంగతులు ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్‌కు సొంతంగా ఉన్న సాటా వైరే వాడాను.

ఇప్పుడు మూడు కాపీలు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి మా బీరువాలో. మూడోది ఆలూరులో పిన్ని దగ్గర, పట్టుచీరల మడతల్లో. "ఇందులో మీ అక్క పాటలున్నాయి పిన్నీ" అని చేతికిస్తే, రెండు చేతులా పట్టుకుంది. ఉగాదికీ దసరాకూ వెళ్తాం ఎలాగూ. అప్పుడు దాన్ని తెచ్చి, తెరుచుకుంటుందో లేదో చూసి, కొత్తవి ఎక్కించి, మళ్లీ ఆలూరు బస్సెక్కిస్తాను.