వేలు నొప్పా? ఫోన్‌కు చెప్పి రాయించండి!

పగలంతా మిర్చి తొడిమలు తీసిన చేతులు, పత్తి తీసిన చేతులు, కొట్లో లెక్కలు రాసిన చేతులు సాయంత్రమయ్యేసరికి సెల్‌ఫోన్ మీదకే చేరుతున్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాయందే రోజు గడవదు. అంటే అలసిన బొటనవేలికి రాత్రి కూడా పనే. ‘మణికట్టు పక్కన లాగేస్తోంది డాక్టర్‌గారూ’ అంటూ ఓపీకి వచ్చేవారికి మందులతో పాటు మేమిచ్చే సలహా ఒకటుంది. వేలితో టైప్ చేయడం తగ్గించి, మాటతో రాయించండి.

ఎందుకీ నొప్పి?

బొటనవేలిని కదిలించే రెండు టెండాన్లు మణికట్టు పక్కన సన్నటి తొడుగులోంచి వెళతాయి. వేలికి పదేపదే ఒకే పని చెబితే ఆ తొడుగు మందమై, లోపల టెండాన్లు ఒరుసుకుంటాయి. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వెర్వెయిన్ 1895లో దీన్ని వివరించారు. అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. అంటే ఇది సెల్‌ఫోన్ కంటే ముందు నుంచీ ఉన్న జబ్బే. ఆడవారిలో, ముఖ్యంగా పసిబిడ్డలను ఎత్తుకునే తల్లుల్లో ఎక్కువ.

బొటనవేలిని పిడికిట్లో మడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే ఒకసారి డాక్టర్‌కు చూపించండి. చాలామందికి విశ్రాంతి, వేలు కదలకుండా వేసే పట్టీ, కొద్దిరోజుల మందులతోనే తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షన్, అరుదుగా చిన్న ఆపరేషన్ అవసరమవుతాయి.

ఎవరికి మేలు?

వేలి నొప్పి ఉన్నవారికే కాదు.. 40 దాటాక చత్వారంతో చిన్న అక్షరాలు కనిపించనివారికి, కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకునేవారికి, చేతులు వణికేవారికి, పక్షవాతంతో ఒక చెయ్యి పనిచేయనివారికి ఇది ఊరట. తల వంచి గంటలకొద్దీ టైప్ చేయడం తగ్గితే మెడకూ సుఖమే.

ఎలా వాడాలి?

గూగుల్ 2017 ఆగస్టులో వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లో జీబోర్డ్ కీబోర్డు ఉంటే, దాని సెట్టింగ్స్‌లో వాయిస్ టైపింగ్‌కు వెళ్లి భాషల్లో తెలుగు ఎంచుకోండి. తర్వాత మెసేజ్ రాసేచోట మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. ఫ్యాను హోరు, యార్డులో రణగొణ ధ్వనులు లేనిచోట ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకుని మామూలు గొంతుతో చెప్పండి. అరవనక్కర్లేదు. ఎక్కువసేపు చెబితే గొంతు అలుస్తుంది కాబట్టి మధ్యలో మంచినీళ్లు తాగండి. మిర్చి పని చేసి వస్తే ముందు సబ్బుతో చేతులు కడగండి. లేకపోతే ఆ ఘాటు ఫోన్ మీదుగా కళ్లకూ, చెంపకూ చేరుతుంది.

మందుల దగ్గర జాగ్రత్త!

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఫోన్ విన్నదల్లా సరిగానే రాస్తుందన్న హామీ లేదు. ‘అర మాత్ర’ అన్నది ‘ఆరు మాత్ర’ అని పడితే? షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, ఇన్ఫెక్షన్‌కు వాడే మెట్రోనిడజోల్ పేర్లు మనుషులే తికమకపడేంత దగ్గరగా ఉంటాయి. ఇన్సులిన్ యూనిట్లలో అంకె మారితే షుగర్ ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే అమ్మానాన్నల మందుల వివరాలు పంపేటప్పుడు..

• చీటీనీ, మందు పెట్టెనూ ఫొటో తీసి పంపండి. 
• మోతాదును మాటతో రాయించినా, అంకెలను వేలితోనే టైప్ చేయండి. 
• పంపేముందు ఒకసారి పైకి చదవండి. కళ్లద్దాలు పెట్టుకున్నాకే సుమా! 
• ఓటీపీ, పిన్ లాంటివి నలుగురిలో పైకి చెప్పకండి. 
• బండి నడుపుతూ మాటతో రాయించినా ధ్యాస రోడ్డు మీద ఉండదు. 

రోజూ షుగర్, బీపీ రీడింగులను తేదీతో సహా ఒకచోట రాయించి పెట్టుకోండి. డాక్టర్‌కు అది బోలెడు పని తగ్గిస్తుంది. వాయిస్ మెసేజ్ అయితే మొత్తం వినాలి. రాత అయితే ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

ఇది మాత్రం మరవద్దు

రోజూ మీ మాటను చక్కగా రాసే ఫోన్ ఒకనాడు తడబడితే, చాలాసార్లు కారణం నెట్ సరిగా లేకపోవడమో, చుట్టూ చప్పుడో అయి ఉంటుంది. కానీ ఇంట్లోవాళ్లకూ మీ మాట ముద్దముద్దగా వినిపిస్తుంటే, మూతి వంకర పోతే, చెయ్యి పట్టు తప్పితే ఆ తప్పు ఫోన్‌ది కాదు. అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ‘తెల్లారాక చూద్దాంలే’ అనుకోవద్దు.

గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఫోన్‌కు ఎక్కువ చెప్పడం వల్లేనని సరిపెట్టుకోవద్దు.