బంగారు పాము - మన అహిరాజు

వర్షాకాలం ప్రవేశించిందంటే దేవేంద్ర నగర్‌లో సాయంకాలపు కబుర్లు తప్పక పాములవైపు మళ్లుతాయి. అప్పుడు ఛత్తీస్‌గఢ్ మిత్రుల నోట మేము వినే పేరు 'అహిరాజ్'. అహి అనగా సర్పము; అహిరాజు అనగా సర్పములకు రాజు. ఈ రాజుగారికి తెలుగువారితో ఒక చిత్రమైన బంధుత్వమున్నది. శాస్త్రజ్ఞులు ఆయనకిచ్చిన నామధేయం 'బుంగారస్ ఫేసియేటస్'. ఆ బుంగారస్ మరేమో కాదు, మన బంగారమే!

ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో నివసించి, కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో బొమ్మలతో కూడిన గ్రంథం వెలువరించాడు. స్థానికులు పలికే పేర్లనే అందులో వ్రాసుకున్నాడు. 'బంగారు పాము' వాటిలో ఒకటి. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ ఆ మాటనే లాటినులోకి మార్చి కట్లపాముల ప్రజాతి మొత్తానికి స్థిరపరచాడు. రక్తపింజరికి మాత్రం ఆంగ్లంలో రస్సెల్ పేరే నిలిచింది.

రూపము, నివాసము

ఒడలంతా పసుపు, నలుపు పట్టీలు; వెన్నుపై ఎత్తైన గట్టు; మొద్దుబారిన తోక చివర - ఈ మూడు గుర్తులతో దీనిని ఇట్టే పోల్చవచ్చు. సాధారణంగా ఐదడుగుల పొడవుండి, కొన్ని ఏడడుగులవరకు పెరుగుతాయి. మామూలు కట్లపాము నల్లగా ఉండి సన్నని తెల్లని చారలు కలిగి ఉంటుంది.

మన దేశంలో అస్సాం, బెంగాల్, ఒడిశాలతోపాటు మహానది లోయలోను, ఉత్తరాంధ్రలోను ఇది కనిపిస్తుంది. రాయ్‌పూర్ ప్రక్కన పారే ఖారున్ శివనాథ్‌లో కలిసి మహానదిని చేరుతుంది. నీటి చెంత గల పొలాలు, చెదపుట్టలు, ఎలుక కన్నాలు దీని నివాసాలు. ముఖ్యాహారం ఇతర సర్పాలే. రాజనే పేరు సార్థకమే. రాత్రివేళ సంచరించి, పగలు చుట్టల క్రింద తల దాచుకొని పడి ఉంటుంది. అందుచేతనే కంటబడుట అరుదు. చెరువు పూడి, పుట్ట చదునై, కాలనీ లేచినచోట దానికి తలదాచుకొను తావు కరవగుచున్నది.

భయమెంత, జాగ్రత్త ఎంత?

మనుషులను ఇది కరచుట బహు అరుదు. కాని విషము నరములపై పనిచేసి ఊపిరిని స్తంభింపజేయగలదు. మన దేశంలో లభించే విరుగుడు మందు నాగుపాము, మామూలు కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి - ఈ నాలుగింటి విషముతోనే తయారవుతుంది. అహిరాజు విషము అందులో చేరలేదు. కనుక కృత్రిమ శ్వాస అందించగల పెద్దాసుపత్రికి ఆలస్యం చేయక చేర్చుటే ప్రాణరక్షణ. కట్లు బిగించుట, కోసి రక్తం తీయుట, మంత్రములకై కాలహరణ చేయుట ప్రమాదకరము. కరచిన అవయవమును కదలనీయరాదు. రాత్రి నేలపై పరుండరాదు; మంచముపై దోమతెర, నడకలో టార్చిలైటు మరువరాదు.

ఇదే ప్రజాతికి చెందిన తైవాను కట్లపాము విషమునుండి 1963లో వేరుచేసిన 'బుంగారోటాక్సిన్' నరములు కండరములకు ఆజ్ఞలెట్లు పంపునో తెలుసుకొనుటకు శాస్త్రజ్ఞులకెంతో తోడ్పడింది. మన బంగారం ప్రయోగశాలల్లో కూడా మెరుస్తున్నదన్నమాట!

కాలనీలో అహిరాజు కనబడితే పిల్లలను దూరముంచి, అటవీశాఖకు గాని, అనుభవజ్ఞులకు గాని కబురంపుదము. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్న సామెతను మనము సాధారణంగా ఎత్తిపొడుపుగా వాడతాము. ఈ ఒక్క సందర్భంలో మాత్రం దానిని అక్షరాలా ఆచరించుటే విజ్ఞత.