ఎంత దూరం వస్తుంది సరే, ఎక్కడ ఆగుతుంది?

పాత సైకిల్‌కి హబ్ మోటార్ బిగించాక హాస్టల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంత దూరం వస్తుంది రా?" లెక్క సులువే. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్-అవర్లు. తొక్కకుండా పోతే కిలోమీటరుకి 12 చొప్పున వేసుకోండి, 30 కిలోమీటర్లు. ఎదురుగాలి, ఫ్లైఓవర్ తగిలితే ఇంకా తక్కువే.

బ్రేకుల గురించి మాత్రం ఒక్కడూ అడగడు. గంటకి 15 కిలోమీటర్ల వేగం 25 అయితే, బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 2.8 రెట్లు, అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. పైగా మోటారు, బ్యాటరీల బరువు. వానలో రిమ్ తడిస్తే రబ్బర్లు జారతాయి కూడా. అందుకే కొత్త రబ్బర్లు వేయించి, లివర్ నొక్కగానే మోటారుకి కరెంటు ఆపే కటాఫ్ స్విచ్ పెట్టాను. అడిగినవాళ్లకి ముందు ఖాళీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు, ఆ తర్వాతే రోడ్డు.