పెరటి కోడిగుడ్లు అమ్ముతున్నారా? ముందు ఖర్చు లెక్క చూడండి

హైదరాబాద్: జూబ్లీహిల్స్ బంగ్లాల పెరట్లోనైనా, ఫిల్మ్‌నగర్, షేక్‌పేట బస్తీల్లోని ఇళ్ల వెనకాలైనా పది కోళ్లు పెంచితే ఇంటికి సరిపోగా కొన్ని గుడ్లు మిగులుతాయి. ఇరుగుపొరుగు అడుగుతారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది: ఎంతకివ్వాలి? చాలా ఇళ్లలో కిరాణా దుకాణం ధర చూసి, అందులోంచి ఒక రూపాయి తగ్గించి ఇచ్చేస్తారు. అలా అమ్మితే ఇంటి ఆడవాళ్ల కష్టం అడ్డికి పావుసేరు అయిపోతుంది.

దుకాణం ధర వేరు, పెరటి ధర వేరు

ఫారం గుడ్డుకు రోజువారీ ధరను నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ (నెక్) ప్రకటిస్తుంది. డాక్టర్ బి.వి.రావు చొరవతో 1982లో ఈ సంస్థ ఏర్పడింది. హైదరాబాద్‌తో సహా ఒక్కో కేంద్రానికి వంద గుడ్ల లెక్కన ధర చెబుతుంది. అది వేల కోళ్లున్న ఫారాల టోకు ధర. వాళ్లకు దాణా లారీల్లో దిగుతుంది, పెరటి కోళ్లకు కిలోల్లో కొనాలి. అందుకే ఆ ధర మార్కెట్ ఎటు పోతోందో తెలుసుకోడానికి పనికొస్తుంది గానీ, పెరటి గుడ్డుకు కొలత కాదు.

లెక్క ఇలా వేయాలి

ఉదాహరణకు పది గ్రామప్రియ పెట్టలు ఉన్నాయనుకుందాం. ఈ రకాన్ని రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. ఒక్కో కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. అంటే పదింటికి నెలకు 33 కిలోలు. వంటింటి మిగులు, ఆకుకూర పోగా 22 కిలోలు కొంటే, కిలో రూ.35 చొప్పున రూ.770. కోళ్లు కొన్న ఖర్చు రూ.4,000 అనుకుని, గుడ్లు పెట్టే 18 నెలలకు పంచితే నెలకు దాదాపు రూ.220. మందులు, పొట్టు, ట్రేలకు రూ.150. మొత్తం రూ.1,140.

రోజుకు ఆరు గుడ్ల చొప్పున నెలకు 180 వస్తే, గుడ్డుకు పడే ఖర్చు రూ.6.33. ఆరు రూపాయలకు అమ్మితే నష్టమే. రూ.10కి 90 గుడ్లు అమ్మితే రూ.900 చేతికొస్తుంది. మిగతా 90 గుడ్లు ఇంట్లోవాళ్లు తిన్నా, జేబులోంచి పోయేది రూ.240 మాత్రమే. గుడ్డు రూ.2.67కే పడిందన్నమాట. పది కోళ్లతో ఇల్లు గడవదు కానీ, పిల్లల ఖాగీనా ఖర్చు తగ్గుతుంది.

నాటు పేరుతో మోసం వద్దు

అసలు నాటుకోడి ఏడాదికి 60 నుంచి 80 గుడ్లే పెడుతుంది. మధ్యలో పొదుగుకు కూర్చుంటుంది. పది నాటు పెట్టలకు నెలకు 60 గుడ్లు రావడమే గొప్ప. పై ఖర్చులే వేసుకుంటే గుడ్డుకు రూ.19 పడుతుంది. నాటు గుడ్డు ధర ఎక్కువ ఉండేది ఇందుకే. పెంకు గోధుమరంగులో ఉన్నంత మాత్రాన నాటు గుడ్డు కాదు, రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. గ్రామప్రియ గుడ్డును ఆ పేరుతోనే అమ్మాలి. ఒక్కసారి అబద్ధం బయటపడితే గల్లీలో ఎవరూ మళ్లీ కొనరు.

అమ్మేటప్పుడు

* గుడ్లకు పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోతే తెల్లవారుజామున కూతలతో పక్కింటివాళ్లతో గొడవ ఉండదు. పైగా మండే ఎండల్లో గుడ్డులో పిండం ఎదగడం మొదలయ్యే భయమూ లేదు.
* రోజుకు రెండుసార్లు గుడ్లు తీయాలి. పెన్సిల్‌తో తేదీ వేయాలి. మురికి గుడ్లు, చిట్లినవి అమ్మొద్దు.
* వారానికోసారి తీసుకునే నాలుగైదు ఇళ్లను ఖాయం చేసుకుంటే చాలు. దుకాణానికి వేస్తే వాళ్ల లాభం కూడా మన ధరలోంచే పోతుంది.
* శ్రావణం, కార్తీకంలో హిందూ ఇళ్లలో చాలామంది గుడ్లు మానేస్తారు. చలికాలంలో, రంజాన్ సహరీలకు అడిగేవాళ్లు పెరుగుతారు. దాన్ని బట్టి వాడకం మార్చుకోవచ్చు గానీ, ఖర్చు కన్నా కిందికి దిగొద్దు.
* కోళ్లకు మందు వేస్తే, పశువైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా గుడ్లు అమ్మకూడదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు జనం కోడిమాంసం, గుడ్లంటేనే భయపడ్డారు. పెరట్లో కోళ్లు హఠాత్తుగా చనిపోతుంటే అమ్మకం వెంటనే ఆపేసి, పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. ఆ వారం పోయే రెండు వందల రూపాయల కన్నా పక్కింటి పిల్లల ఆరోగ్యం ముఖ్యం.

మిగిలిన గుడ్లు పొరుగువారికి ఊరికే ఇవ్వాలనిపిస్తే సంతోషంగా ఇవ్వొచ్చు. అది కానుక. అమ్మితే మాత్రం ధర చెప్పి, లెక్క రాసి అమ్మాలి. ఈ రెండూ కలిపేస్తే మొహమాటం మిగులుతుంది, దాణా డబ్బు మిగలదు.