మా యింటి కఠారికి పుట్టిల్లెక్కడ?



ఏటేట మహానవమినాడు మా యింట పుస్తకములతోపాటు ఒక పాత కఠారికిని పూజ జరుగును. కదిరికి కాపురమునకు వచ్చిననాటినుండి దానిని తోమి తుడిచి పీటపై నుంచు పని మాదే. 1565లో రాక్షసతంగడి యుద్ధము ముగిసి, విజయనగర రాజధాని పెనుగొండకు మారిన కాలమున ఆ కోట కొలిమిలోనే దానిని కొట్టిరని మా అత్తగారు చెప్పుచుందురు. మొన్నటి నవరాత్రులలో మావారి పాఠశాలలో చదువు పిల్లవాడొకడు దానిని చూచి, “అమ్మా, ఇది ఏ యూరిలో చేసినది?” అని యడిగెను. “పెనుగొండలో” అంటిమి. “ఎట్లు తెలిసినది?” అని మరల నడిగెను. మాకు బదులు తోపలేదు. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

ఆయుధము పుట్టుక తెలియుటకు మొదట దాని పిడిని చూడవలయును. కఠారి పిడి తక్కిన కత్తుల పిడివలె నిలువుగా నుండదు. రెండు కమ్ముల నడుమ అడ్డముగా నుండును. పిడికిలి బిగించి పట్టినచో అలుగు ముంజేతికి నేరుగా నిలుచును; చేతి బలమంతయు మొనకు చేరును. ఇట్టి యమరిక హిందూదేశపు సొత్తు. అందును దక్షిణదేశపు ప్రాచీనమైన కఠారులలో వ్రేళ్లకు కాపుగా పాముపడగవంటి రేకు కానవచ్చును. మొగలాయిల కఠారులకు సామాన్యముగా ఆ పడగ లేదు. సాళువ నరసింహరాయలకు ‘కఠారి సాళువ’ యను బిరుదు కలదు. మా కఠారికిని పడగ యున్నది. ఇంతవఱకు అత్తగారి మాట నిలిచినది.

పిమ్మట అలుగును పరికించితిమి. అది పిడితో నేకముగా కొట్టినది కాదు. రెండు రేకుల నడుమ నిఱికించి మేకులతో బిగించినది. పొడవునా మూడు సన్నని గాడులు సూటిగా తీర్చియున్నవి. 1673 వఱకు తెలుగు నాయకరాజు లేలిన తంజావూరి ఆయుధశాలలోని కఠారులు కొన్ని నేడు చెన్నపట్టణపు మ్యూజియమున నున్నవి. అట్టి తంజావూరి కఠారులలో పెక్కింటి అలుగులు ఐరోపాదేశపు ఖడ్గములనుండి తీసినవే. 1498లో వాస్కోడగామా వచ్చినది మొదలు పడమటి రేవులలో ఆ కత్తులు విరివిగా దిగుచుండెను. మన పనివారు వాని ముక్కలకు మొన తీర్చి దేశీయమైన పిడులకు తొడిగిరి. మనకు ఫిరంగి యనగా పెద్ద తుపాకి; మహారాష్ట్రులకు అదే మాట ఐరోపా అలుగుగల కత్తికిని చెల్లును. ఫ్రాంకులను జాతిపేరే రెండింటికిని మూలము.

అలుగు మొదట ముద్ర యున్నచో పుట్టిల్లు తెలియుట కొంత సులభము. ఎదురెదురుగా వంగిన రెండు కొడవళ్లు, వాని యంచున పండ్లవంటి గీతలు ఇటలీలోని జెనోవాకు పేరుపడిన గుర్తు. కాని జర్మనీదేశపు జోలింగెనువారును, మన దేశపు కమ్మరులును దాని ననుకరించిరి. కావున గుర్తును మాత్రము చూచి తీర్పు చెప్పరాదు. అది ఎంత లోతుగా దిగినది, ప్రక్కన అక్షరము లేమైన నున్నవా యని చూడవలయును.

మా కఠారిపై మిగిలినది సగము కొడవలి మాత్రమే. తక్కినదానిని మేమే చెఱిపితిమి! పదునైదేండ్లుగా చింతపండును ఇటుకపొడియు వేసి అద్దమువలె మెఱయునట్లు తోమితిమి. “తోముటయన్న మా కోడలిని చూచి నేర్చుకొనవలయును” అని అత్తగారు నలుగురిలో మెచ్చిన మాట ఇప్పుడు ముల్లువలె గుచ్చుచున్నది.

అలుగు పరదేశపుదైనంతమాత్రమున మనకు చిన్నతనము లేదు. నిజామాబాదు మండలమందలి కోనసముద్రమున మూసలలో ఇనుము కరగించి ఉక్కు చేసెడివారు. దానికై పారసీక వర్తకులు ఆ పల్లెకే వచ్చుచుండిరని 19వ శతాబ్దపు తొలిపాదమున వాయిసీ యను ఆంగ్లేయుడు వ్రాసెను. అట్టి యుక్కుతో చేసిన కత్తులపై నీటి యలలవంటి చాఱలు తోచును. లోకము వానిని డమాస్కసు కత్తు లనుచున్నది! 1795లో లండనులో ఆ యుక్కును ‘వూట్జు’ అను పేర చర్చించిరి. అది తెలుగు కన్నడములకు సామాన్యమైన ‘ఉక్కు’ శబ్దమే యని పెక్కురు పండితుల మతము. పుట్టింటి పేరు మఱుగుపడి మెట్టినింటి పేరు నిలిచిన ఆడుబిడ్డ వంటిది మన యుక్కు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఇంట పాత యాయుధ మున్నచో చింతపండు, నిమ్మరసము, బూడిద, ఇసుక తాకనీయకుడు. ఉక్కులోని యలలును తోముటచే మాసిపోవును. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, కుట్టుయంత్రమునకు వాడు నూనె పలుచగా రాయుడు. పసుపు కుంకుమలు పీటకు పెట్టుడు. తడి తగిలిన అలుగు త్రుప్పు పట్టును. తోలు ఒర చెమ్మ పట్టును గనుక అందుంచి దాచవలదు. ఎవరినుండి ఎవరికి వచ్చినదో పెద్దలనడిగి వ్రాసియుంచుడు. పాతసామానులవాడు బేరమాడినచో తొందరపడకుడు. నూఱేండ్లు దాటిన యిట్టి వస్తువులను ప్రజలు విదేశములకు పంపగూడదని 1972 నాటి చట్టము.

ఈ సంగతి అత్తగారితో చెప్పుటకు కొంత వెఱచితిమి. వారు కఠారిని చేతబట్టి చాలసేపు చూచి, “కోడండ్రు పైయూళ్లనుండి వచ్చినవారే కదమ్మా! ఇంటివారు కాలేదా?” అనిరి. ఈ యేడు దానిని తోమవలదని వారే చెప్పిరి.

ఆ పిల్లవానిని పిలిచి మేమిట్లు చెప్పితిమి: “నాయనా, పిడి మన దక్షిణదేశపుది. అలుగు ఐరోపానుండి వచ్చినదని తోచుచున్నది. ఏ యూరిదో చెప్పగల గుర్తును మేము తోమివేసితిమి.”