వెల్డింగ్ గ్యాస్ సిలిండర్లు: తరలింపు, నిల్వ

విద్యార్థులారా! వెల్డింగ్ షాపులో రెండు చక్రాల బండి మీద రెండు సిలిండర్లు పక్కపక్కన నిలబెట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. నల్లరంగుది ఆక్సిజన్, మెరూన్ రంగుది ఎసిటిలీన్. ఈ రెండింటిలోనూ ప్రమాదం ఉంది, కాని అది ఒకే రకమైనది కాదు. ఆ తేడా తెలిస్తే జాగ్రత్తలను బట్టీ పట్టనవసరం లేదు.

ముందుగా ఆక్సిజన్ సంగతి చూద్దాం. సుమారు 47 లీటర్ల నీరు పట్టే సిలిండరులో దాదాపు 7,000 లీటర్ల వాయువును కుదించి నింపుతారు. అందువల్ల లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోలు ఉంటుంది. ఉక్కు గోడ దీనిని తట్టుకుంటుంది. బలహీనమైన భాగం పైనున్న వాల్వు. సిలిండరు పడి వాల్వు విరిగితే వాయువు ఒకవైపు దూసుకువస్తుంది, సిలిండరు రెండోవైపు రాకెట్టులా దూసుకుపోతుంది. ఇది న్యూటన్ మూడవ నియమమే. ఆ దారిలో మనిషి ఉంటే ప్రాణం దక్కడం కష్టం. ఇంకొక విషయం: ఆక్సిజన్ తాను మండదు, ఇతర పదార్థాలను ఉధృతంగా మండిస్తుంది. కాబట్టి దాని వాల్వుకు నూనెగాని, గ్రీజుగాని తగలనివ్వకూడదు.

ఎసిటిలీన్‌లో పీడనం ఇంతకంటే చాలా తక్కువ. అయితే ఈ వాయువుకు స్థిరత్వం లేదు. ఎక్కువ పీడనంలో ఉంటే గాలి తగలకపోయినా విఘటనం చెంది పేలవచ్చు. అందుకే సిలిండరులో సన్నని రంధ్రాలున్న పదార్థాన్ని నింపి, దానిని ఎసిటోన్‌తో తడిపి, అందులో వాయువును కరిగిస్తారు. సిలిండరును పడుకోబెట్టి వాడితే ఎసిటోన్ కూడా బయటికి వస్తుంది. కనుక దీనిని ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. పొరపాటున పడుకోబెడితే, నిలబెట్టి కొన్ని గంటలు ఆగిన తరువాతే వాడాలి.

ఇప్పుడు బండి ప్రయోజనం మీకు అర్థమై ఉంటుంది. బండి సిలిండరును నిలువుగా ఉంచుతుంది, గొలుసు పడిపోకుండా పట్టుకుంటుంది. గొలుసు లేని బండి సగం బండే. కదిలించే ముందు వాల్వులు మూయండి. బండి మీద కాకుండా విడిగా తరలించేటప్పుడు రెగ్యులేటరు విప్పి, రక్షణ మూత బిగించండి. వాల్వు పట్టుకుని ఎత్తకండి, నేలమీద ఈడ్వకండి. సిలిండర్ల తరలింపునకు వీలైనంతవరకు తగిన బలంగల బండ్లనే వాడాలని మన దేశపు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాలు కూడా చెబుతున్నాయి.

బండి మీద పక్కపక్కనే ఉన్నవాటిని నిల్వ గదిలో ఎందుకు విడదీయాలి? పని జరుగుతున్నంతసేపు మనిషి కాపలా ఉంటాడు. నిల్వ గదిలో కనిపెట్టి ఉండేవారు ఉండరు. ఎసిటిలీన్ కారి అంటుకుంటే, పక్కన కారే ఆక్సిజన్ ఆ మంటను రెట్టింపు చేస్తుంది. కాబట్టి రెండింటి మధ్య తగినంత దూరమో, అడ్డుగోడో ఉండాలి. గదికి గాలి ఆడాలి, ఎండ, నిప్పు దూరంగా ఉండాలి.

ఖాళీ సిలిండర్లలోనూ కొంత వాయువు మిగిలే ఉంటుంది. వాటికీ వాల్వు మూసి, మూత బిగించి, గొలుసు వేయాలి. మీ కళాశాల వర్క్‌షాపులోని సిలిండర్లకు గొలుసు వేసి ఉందో లేదో ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి. లేకపోతే వెంటనే మీ అధ్యాపకునికి చెప్పండి.